ఫ్లాటు భర్త పేరున, అప్పు ఇద్దరి పేరున: గృహహింస నడుమ ఆస్తి, భరణం తేలిన ఒక కేసు

నేపథ్యం

భార్య తరఫు న్యాయవాదిగా నేను నడిపిన ఈ కేసును కక్షిదారు అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, తేదీలు, ఉద్యోగాల వివరాలు మార్చాను. డబ్బు అంకెలను కూడా వాటి మధ్య నిష్పత్తి చెడకుండా సవరించాను. 2024 జూలై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి రాకముందు నడిచిన కేసు కనుక అవసరమైన చోట పాత సెక్షన్లనే పేర్కొన్నాను. భర్త కొట్టాడు కాబట్టి కోర్టు ఆస్తిలో సగం ఇప్పిస్తుందని నమ్మి వచ్చే స్త్రీలు ఉన్నారు. కొట్టడం వేరు, ఆస్తి వేరు, ఆ రెండింటికీ సంబంధమే లేదని చెప్పి పంపించే న్యాయవాదులూ ఉన్నారు. ఈ రెండు మాటలూ సరికావు. హింసకూ ఆస్తికీ మన చట్టంలో సంబంధం ఉంది, అయితే అది కొన్ని ఇరుకు దారుల గుండానే నడుస్తుంది. ఆ దారుల్లో చాలావరకు ఈ ఒక్క కేసులోనే ఎదురయ్యాయి.

ఆమె కోస్తా జిల్లాలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అధ్యాపకురాలు. భర్త ఒక కంపెనీలో ఇంజినీరు. పెళ్లయి పదకొండేళ్లు, ఒక కూతురు. పెళ్లిలో పుట్టింటివారు 45 కాసుల బంగారం పెట్టారు. పసుపు కుంకుమ కింద తండ్రి ఎకరం పొలాన్ని కూతురి పేర రిజిస్టరు చేయించాడు. మన జిల్లాల్లో పసుపు కుంకుమ పొలాన్ని నోటిమాటగా ఇచ్చి, పట్టా మాత్రం తండ్రి పేరునే ఉంచే కుటుంబాలు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. స్థిరాస్తిని దానంగా ఇస్తే రిజిస్టరు దస్తావేజు ఉండి తీరాలని ఆస్తి బదలాయింపు చట్టం 123వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఆ తండ్రి పెళ్లి హడావిడిలో కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఆ పని పూర్తి చేశాడు కనుకనే, తరువాత మేము చూపించిన లెక్కకు పునాది దొరికింది.

పెళ్లయిన ఆరో ఏట ఆ పొలం అమ్మారు. వచ్చిన 18 లక్షలు ఆమె ఖాతాలో పడి, అదే వారంలో భర్త ఖాతాకు, అక్కడి నుంచి బిల్డరుకు వెళ్లాయి. 46 లక్షల ఫ్లాటుకు మిగిలిన 28 లక్షలు హౌసింగ్ లోను. దస్తావేజు భర్త ఒక్కడి పేరున రాయించారు. లోను దరఖాస్తులో మాత్రం ఆమె జీతాన్ని ఆదాయంగా చూపించి, ఆమెను సహ రుణగ్రహీతగా చేర్చారు. ఆమె జీతం జమయ్యే ఖాతాకు సంబంధించిన ఏటీఎం కార్డు, ఫోన్‌లోని యూపీఐ రెండూ భర్త చేతిలోనే ఉండేవి. నెలకు 24,500 రూపాయల ఈఎంఐ, ఆమె ఉద్యోగం చేసిన కాలమంతా, ఆమె జీతం నుంచే వెళ్లింది. కాలేజీకి వెళ్లే బస్సు చార్జీలకు కూడా రోజూ భర్తను అడగవలసి వచ్చేదని చెప్పింది.

దెబ్బలు పెళ్లయిన రెండో ఏటనే మొదలయ్యాయి. వాటి వివరాలు ఇక్కడ అవసరమైనంత మేరకే చెబుతాను. ఒక దెబ్బకు మణికట్టు వాచి నెలల తరబడి బోర్డు మీద రాయలేకపోయింది. ఆ తరువాత భర్త ఉద్యోగం మాన్పించాడు, దాదాపు ఏడాదిన్నర ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. చివరికి ఒక రాత్రి కూతురిని తీసుకుని కట్టుబట్టలతో పుట్టింటికి వచ్చేసింది. బంగారం, చదువు సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు అన్నీ అత్తవారింట్లోనే ఉండిపోయాయి.

వచ్చిన సమస్య

నా దగ్గరకు వచ్చేసరికి ఆమె చేతిలో మూడు కాగితాలు ఉన్నాయి. ఒకటి భర్త వేసిన విడాకుల పిటిషన్ నోటీసు. విడిచిపెట్టి వెళ్లిందన్న కారణం చూపాలంటే రెండేళ్లు నిండాలి కనుక, ఆమే తనను మానసికంగా హింసించిందని, కారణం లేకుండా కాపురం వదిలి వెళ్లిందని, క్రూరత్వం కింద పిటిషన్ వేశాడు. రెండోది అంతకుముందు వేరే న్యాయవాది ద్వారా ఆమె తరఫున దాఖలైన కౌంటరు (జవాబు) నకలు. మూడోదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. అది బ్యాంకు నోటీసు. ఆమె ఇల్లు వదిలిన నెల నుంచి భర్త ఈఎంఐ కట్టడం మానేశాడు. అప్పు ఇద్దరిదీ కనుక బకాయి కట్టమని బ్యాంకు ఆమెకూ రాసింది. తన పేరున లేని ఇంటికి ఆమె అప్పుపడింది. గృహహింస నిరోధక చట్టం, 2005లోని 3వ సెక్షన్ ఆర్థిక వేధింపును హింసలో భాగంగా నిర్వచించింది. ఆ నిర్వచనం దేనికోసం రాశారో ఆ ఒక్క నోటీసు చూస్తే తెలుస్తుంది.

కుటుంబం దృష్టిలో ప్రశ్న వేరుగా ఉంది. పెద్దమనుషుల పంచాయతీలో భర్త తరఫువారు 8 లక్షలు ఇస్తామని, పరస్పర అంగీకారంతో విడిపోదామని అన్నారు. ఆమె అన్నయ్య ఒప్పుకోమనే అన్నాడు. "చెల్లీ, ఇచ్చిందేదో తీసుకుని బయటపడు. కోర్టు చుట్టూ తిరిగే ఓపిక నీకెక్కడిది?" అన్నాడట. ఆ మాటలో ప్రేమ ఉంది, అలసట కూడా ఉంది. ఆమె మాత్రం నన్ను ఒకే ప్రశ్న అడిగింది. "మేడం, పొలం నాది. జీతం నాది. అప్పు కూడా నాదే అంటున్నారు. ఇల్లు ఒక్కటే నాది ఎందుకు కాకుండా పోయింది?"

నిజం ఆమెకు మొదటి రోజే చెప్పాను. గోవాలో తప్ప మన దేశంలో భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి అనే పద్ధతి లేదు. దస్తావేజు ఎవరి పేరున ఉంటే ఆస్తి వారిదే. విడాకులిచ్చేటప్పుడు ఆస్తిని చెరిసగం చేసే అధికారం హిందూ వివాహ చట్టం కోర్టుకు ఇవ్వలేదు. ఆ చట్టంలోని 27వ సెక్షన్ పెళ్లి సమయంలో, లేదా ఆ దరిదాపుల్లో, ఇద్దరికీ కలిపి బహుమతిగా వచ్చిన వస్తువులకే వర్తిస్తుంది. ఇంతకుముందు దాఖలైన కౌంటరులో ఫ్లాటులో సగం కావాలని అడిగింది ఆ 27వ సెక్షన్ కిందనే. పెళ్లయిన ఆరేళ్లకు కొన్న ఫ్లాటు ఆ సెక్షన్ పరిధిలోకి రాదు. ఆ కోరికను అలాగే ఉంచితే, అది కొట్టివేయబడిన రోజున మిగతా న్యాయమైన కోరికలు కూడా బలహీనపడి కనిపిస్తాయి. అందుకని ముందు దానిని సవరించాలని నిర్ణయించాము.

చేసిన ప్రయత్నాలు, ఫలించనివి

భర్త క్రూరత్వం మీద పెట్టే 498ఏ ఫిర్యాదు అప్పటికే మహిళా పోలీస్ స్టేషన్లో ఉంది. కౌన్సెలింగ్ జరిగింది, నోటీసులు ఇచ్చారు, చార్జిషీటు కూడా తరువాత వచ్చింది. ఆ కేసు హింస జరిగిందని చెప్పగలదు కానీ ఫ్లాటు గురించి గానీ ఈఎంఐ గురించి గానీ ఒక్క ఉత్తర్వు కూడా ఇవ్వలేదు. చాలా కుటుంబాలు తమ శక్తినంతా ఆ ఒక్క కేసు మీదే ఖర్చు చేస్తాయి. భర్తను జైలుకు పంపితే డబ్బు దానంతట అదే వస్తుందని ఆశిస్తాయి. ఇక్కడ ఆ ఒత్తిడి పని చేయలేదు. పైగా పంచాయతీలో ఆమె 8 లక్షలకు ఒప్పుకోని మరుసటి వారమే భర్త ఫ్లాటును తన తల్లి పేర దాన సెటిల్‌మెంట్ చేశాడు. ఆ సంగతి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించినప్పుడు బయటపడింది. లోను బాకీ ఉండగా బ్యాంకు అనుమతి కూడా తీసుకోలేదు.

పొలం వెనక్కి రాబట్టాలని అన్నయ్య పట్టుబట్టాడు. చెల్లెలిని కొట్టి సంతకం పెట్టించారు కనుక ఆ అమ్మకం చెల్లదని ఆయన వాదన. నేను ఒప్పుకోలేదు. కొన్నవాడు బజారు ధర ఇచ్చిన మూడో మనిషి, ఇంట్లో ఏం జరిగిందో అతనికి తెలియదు. దస్తావేజు రద్దు దావాకు ఉన్న మూడేళ్ల కాలపరిమితి కూడా దాటిపోయింది. సబ్ రిజిస్ట్రార్ ముందు ఆమె ఫొటో, వేలిముద్ర ఉన్నాయి. ఆ అమ్మకాన్ని సవాలు చేస్తే మనమే మన సాక్ష్యాన్ని అనుమానాస్పదం చేసుకున్నట్లు అవుతుంది. అదే దస్తావేజును నిజమని ఒప్పుకుంటే, 18 లక్షలు ఆమెవే అన్న మాటకు అంతకు మించిన రుజువు అక్కర్లేదు. భూమిని వదులుకుని డబ్బు వెంట వెళ్లాలన్నది ఈ కేసులో తీసుకున్న నిర్ణయాల్లో కుటుంబానికి అన్నిటికంటే కష్టంగా తోచినది. ఎకరం పొలం పోయిన బాధ ఆ తండ్రికి ఇంకా తీరలేదు.

తరువాత మేజిస్ట్రేటు కోర్టులో డీవీసీ (గృహహింస చట్టం కింద కేసు) వేశాము. అక్కడ రెండు కోరికలు ముఖ్యం. 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు, 19(1)(డి) కింద ఫ్లాటును అన్యాక్రాంతం చేయకుండా నిరోధం. ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరిన కాలేజీ గేటు దగ్గర భర్త కాపు కాస్తున్నాడు కనుక రక్షణ ఉత్తర్వు ఆగే విషయం కాదు. 23వ సెక్షన్ కింద మధ్యంతరంగా అది త్వరగానే వచ్చింది. దానిని ఉల్లంఘిస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గేటు దగ్గర కాపు కాయడం ఆ తరువాత ఆగింది. ఫ్లాటు విషయంలో మాత్రం కోర్టు ముందుకు రాలేదు. పంచుకున్న గృహం (దంపతులు కలిసి కాపురమున్న ఇల్లు) అత్తమామల పేరున ఉన్నా కోడలికి నివాస హక్కు ఉండవచ్చునని 2020లో సతీష్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను చూపించాము. నివాస హక్కును కాదనలేదు కానీ, ప్రస్తుతం దస్తావేజు అత్తగారి పేరున ఉంది కాబట్టి యాజమాన్య వివాదం సివిల్ కోర్టులోనే తేలాలని, నిరోధ ఉత్తర్వును నిరాకరించారు.

ఆ నిరాకరణ మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు వెళ్లవచ్చు. వెళ్లలేదు. అప్పీలులో గెలిచినా చేతికి వచ్చేది ఆ ఇంట్లో ఉండే హక్కే. ఆమెకు ఆ ఇంట్లో అడుగు పెట్టాలని లేదు, నాకూ పంపాలని లేదు. ఆమెకు కావలసింది తన డబ్బు, అప్పు నుంచి విముక్తి, కూతురి చదువు. వీటన్నిటినీ ఒకే న్యాయమూర్తి చూడగలిగేది ఫ్యామిలీ కోర్టులో. అందుకని పనిని రెండుగా విడదీశాము. శరీర రక్షణ మేజిస్ట్రేటు దగ్గర, డబ్బు, ఆస్తి ఫ్యామిలీ కోర్టు దగ్గర. గృహహింస చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఆ చట్టంలోని ఉపశమనాలను ఫ్యామిలీ కోర్టులోనూ అడగవచ్చు. ఒకచోట వచ్చిన ఉపశమనాన్ని మేజిస్ట్రేటుకు తెలియజేయవలసిన బాధ్యత కూడా అదే సెక్షన్లో ఉంది. ఆ మెమోలు మేము ఎప్పటికప్పుడు వేస్తూ వచ్చాము. ఒకే భరణం రెండు కోర్టుల్లో అడిగిందని ఎదుటివారు చేసే ఆరోపణకు అదే సమాధానం.

పనిచేసినవి

ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ వివరణలోని (సి) ఖండం భార్యాభర్తల ఆస్తి వివాదాలను ఆ కోర్టు పరిధిలోకి తెస్తుంది. దాని కింద దావా వేసి, పాత కౌంటరులోని 27వ సెక్షన్ కోరికను ఉపసంహరించుకున్నాము. ఫ్లాటు కొనుగోలులో ఆమె పెట్టిన డబ్బు మేరకు ఆమెకు హక్కు ఉందని ప్రకటించాలని, అత్తగారికి చేసిన దానం ఆమె హక్కులకు బంధకం కాదని ప్రకటించాలని కోరాము. ఆ దానం కింద హక్కు పొందినది అత్తగారే కనుక ఆమెను అవసరమైన పార్టీగా చేర్చాలన్న వాదనను కోర్టు అంగీకరించింది.

ఎదుటివారు వెంటనే బినామీ చట్టం తీశారు. వేరొకరి పేరున ఉన్న ఆస్తి నాదని దావా వేయడాన్ని ఆ చట్టం 4వ సెక్షన్ నిషేధిస్తుంది కనుక దావాయే నిలవదని వాదన. ఇది చాలామంది భార్యల దావాలను మొదట్లోనే ముంచే వాదన. 2016 సవరణ తరువాత ఉన్న నిర్వచనాన్ని జాగ్రత్తగా చదివితే జవాబు అందులోనే ఉంది. ఒక వ్యక్తి తనకు తెలిసిన ఆదాయ మార్గాల నుంచి డబ్బు ఇచ్చి జీవిత భాగస్వామి పేరున కొన్న ఆస్తిని బినామీ లావాదేవీ నుంచి ఆ నిర్వచనం మినహాయించింది. భర్త డబ్బు పెట్టి భార్య పేరున కొన్నప్పుడే ఈ మినహాయింపు వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. చట్టంలో ఉన్న మాట జీవిత భాగస్వామి. భార్య డబ్బు పెట్టి భర్త పేరున కొన్నా అదే మినహాయింపు. రిజిస్టరైన పొలం అమ్మకం, కాలేజీ జీతం, రెండూ బ్యాంకు ద్వారా నడిచినవే కనుక తెలిసిన మార్గాలు అన్న షరతు కూడా తీరింది. మధ్యంతర దశలో కోర్టు ఈ వాదనను ప్రాథమికంగా ఒప్పుకుని, ఫ్లాటును అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. మేజిస్ట్రేటు కోర్టులో దొరకనిది ఇక్కడ దొరికింది.

దాన దస్తావేజు మీద ఆస్తి బదలాయింపు చట్టం 39వ సెక్షన్‌ను కూడా ఆధారంగా తీసుకున్నాము. ఆస్తి రాబడి నుంచి భరణం పొందే హక్కు ఉన్న వ్యక్తి ఉండగా ఆ ఆస్తిని ప్రతిఫలం లేకుండా బదిలీ చేస్తే, తీసుకున్నవారి మీద కూడా ఆ హక్కును అమలు చేయవచ్చు. తల్లికి చేసిన దానంలో ప్రతిఫలం లేదు. కోడలి గొడవ అత్తగారికి తెలియదని ఎవరూ అనలేరు. ఇలాంటి కేసుల్లో ఈ సెక్షన్‌ను వాడుకోవలసినంతగా వాడుకోవడం లేదన్నది నా అభిప్రాయం.

ఇక హింస ఈ లెక్కలోకి ఎలా వచ్చింది? దెబ్బలన్నిటినీ పేరాలకు పేరాలు ఒకచోట, డబ్బు లెక్కలన్నిటినీ మరోచోట రాయడం మామూలు పద్ధతి. అలా రాస్తే న్యాయమూర్తి మొదటిదాన్ని సానుభూతితో, రెండోదాన్ని సందేహంతో చదువుతారు. అంత హింస ఉంటే పొలం ఎందుకు అమ్మింది, లోను కాగితాల మీద ఎందుకు సంతకం పెట్టింది అన్న ప్రశ్న వస్తుంది. మేము ఒకే కాగితం మీద రెండు వరుసలు గీసి, ఒకవైపు దెబ్బల తేదీలు, మరోవైపు డబ్బు తేదీలు వేశాము. పొలం రిజిస్ట్రేషన్‌కు నాలుగు రోజుల ముందు ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చీటీ ఉంది. లోను దరఖాస్తు ముందు రాత్రి అక్కకు పంపిన వాట్సాప్ సందేశాలు ఉన్నాయి. ఏటీఎం కార్డు తిరిగి ఇమ్మని అడిగిన వారంలోనే బంగారం తాకట్టు ఉంది. 8 లక్షలు కాదన్న మరుసటి వారంలో దాన దస్తావేజు ఉంది. ఆ కాగితం చూశాక సంతకాలు ఎలా వచ్చాయో విడిగా వాదించవలసిన అవసరం చాలావరకు తగ్గింది.

ఓపీ చీటీలో బాత్రూంలో జారిపడినట్లు రాసి ఉంది. ఎదుటి న్యాయవాది దానిని తన సాక్ష్యంగా చూపించారు. పక్కనే భర్త నిలబడి ఉండగా డాక్టరుకు ఏ భార్య ఏం చెప్పగలదని మేము అడిగాము. అయితే ఆ ఒక్క ప్రశ్న మీద ఆధారపడలేదు. ఆమె నెలల తరబడి బోర్డు మీద రాయలేకపోయిందని సహోద్యోగి చెప్పిన సాక్ష్యం, అదే రాత్రి అక్కకు పంపిన ఫొటో, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య చట్టం కోరే 65బి ధ్రువపత్రంతో సహా దాఖలు చేశాము. వివాద పరిష్కారానికి ఉపయోగపడే పత్రాన్ని సాక్ష్య చట్టం పట్టింపులు లేకుండా స్వీకరించే వెసులుబాటు ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్లో ఉన్నా, ధ్రువపత్రం పెట్టడమే మంచిది. పై కోర్టులో అది మళ్లీ ప్రశ్న కాకూడదు.

బంగారం రుజువు ఊహించని చోట దొరికింది. కొన్న బిల్లులు అన్నీ లేవు, పెళ్లి ఫొటోలు మాత్రమే ఉన్నాయి. భర్త బంగారం అసలు లేదన్నాడు. అతను గోల్డ్ లోను తీసుకున్న బ్యాంకు నుంచి తాకట్టు కాగితాలను కోర్టు ద్వారా తెప్పించాము. అప్రైజర్ (బంగారం విలువ కట్టేవాడు) రాసిన చీటీలో హారం, వడ్డాణం, గాజులు ఒక్కొక్కటి గ్రాముల బరువుతో సహా ఉన్నాయి, అడుగున భర్త సంతకం ఉంది. పెళ్లి ఫొటోలు ఆ చీటీతో సరిపోయాయి. స్త్రీధనం భార్య సొంత ఆస్తి అని, భర్త దగ్గర ఉన్నా అతను దానికి ధర్మకర్త వంటివాడేనని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభా రాణి కేసులో చెప్పింది. దానిని తిరిగి ఇవ్వకుండా అట్టే పెట్టుకోవడం కొనసాగే నేరమని 2015లో కృష్ణా భట్టాచార్జీ కేసులో చెప్పింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్న విషయంలో లోటు ఎప్పుడూ రుజువుదే.

అన్నిటికన్నా బలంగా పనిచేసింది ఆస్తిపాస్తుల అఫిడవిట్. 2020 నవంబరులో రాజ్‌నేశ్ వర్సెస్ నేహా తీర్పు తరువాత భరణం కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపూర్వకంగా చెప్పాలి. భర్త తన అఫిడవిట్‌లో అద్దె ఆదాయం ఏమీ లేదన్నాడు. ఫ్లాటులో అద్దెకున్నవారు ఉన్నారని ఆమెకు ఎవరో చెప్పారు. అతని బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించమని దరఖాస్తు వేశాము. దానం రిజిస్టరైన తరువాత కూడా ప్రతి నెలా అద్దె అతని ఖాతాకే యూపీఐ ద్వారా వస్తోంది. ఒకే కాగితంతో మూడు విషయాలు తేలిపోయాయి. దానం పేరుకే జరిగింది. ఈఎంఐ కట్టే స్తోమత ఉండి మానేశాడు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడు. తప్పుడు అఫిడవిట్ మీద అప్పటి నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 340వ సెక్షన్ కింద చర్య తీసుకోవచ్చునని అదే తీర్పు చెబుతుంది. మేము ఆ పిటిషన్ వేశాము. ఆ తరువాతి వాయిదాకు ఎదుటి న్యాయవాది మధ్యవర్తిత్వానికి పంపమని కోరారు.

మధ్యంతర భరణం గురించి క్లుప్తంగా చెబుతాను. సంపాదిస్తున్న భార్యకు భరణం ఎందుకన్నారు. భార్యకు ఆదాయం ఉన్నంత మాత్రాన భరణం నిరాకరించకూడదని రాజ్‌నేశ్ తీర్పులోనే ఉంది. సీఆర్‌పీసీ 125(4) కింద, తగిన కారణం లేకుండా భర్తతో ఉండనన్న భార్యకు భరణం రాదన్న అభ్యంతరం కూడా లేవనెత్తారు. ఇక్కడే హింస నేరుగా పని చేసింది. కొట్టడం తగిన కారణం. పిటిషన్ వేసిన తేదీ నుంచి నెలకు 14,000, అందులో ఎక్కువ భాగం కూతురి కోసం, మంజూరైంది.

రాజీ

హింస జరిగిన కేసును మధ్యవర్తిత్వానికి పంపడం మీద నాకు మొదటి నుంచీ భయం ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషి చూపుకే ఆమె ఒప్పుకుంటుంది. అందుకని రెండు షరతులు పెట్టాము. ఇద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టాలి. రక్షణ ఉత్తర్వు రాజీలో బేరం కాకూడదు. మధ్యవర్తి రెండూ ఒప్పుకున్నారు.

మా లెక్క ఇదీ. ఫ్లాటుకు అప్పటివరకు పెట్టిన మొత్తం సుమారు 32.7 లక్షలు, అంటే మొదటి చెల్లింపు 18 లక్షలు, ఈఎంఐలు 14.7 లక్షలు. అందులో ఆమెవి పొలం 18 లక్షలు, ఈఎంఐలు దాదాపు 10 లక్షలు. ఫ్లాటు విలువ 75 లక్షలకు చేరింది. లోను బాకీ దాదాపు 25 లక్షలు పోగా మిగిలేది 50 లక్షలు. ఆమె పెట్టుబడి నిష్పత్తిలో అది 43 లక్షల దాకా వస్తుంది. ఉద్యోగం మాన్పించిన ఏడాదిన్నర ఈఎంఐలు భర్తే కట్టాడు కదా అన్నారు. ఉద్యోగం మానడానికి కారణం ఎవరు అన్నది మా జవాబు. ఇంటి పని ద్వారా ఆస్తి కూడబెట్టడంలో భార్య చేసిన సాయాన్ని గుర్తించి 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పును కూడా మధ్యవర్తి ముందు ఉంచాము. అది మన కోర్టులకు శిరోధార్యం కాకపోయినా, మాట్లాడుకునే బల్ల మీద దానికి బరువు ఉంది.

చివరికి 45 లక్షలకు కుదిరింది. అందులో 36 లక్షలు ఆస్తి హక్కు పరిష్కారం కింద, 9 లక్షలు శాశ్వత భరణం కింద. ఈ రెండు పద్దులనూ వేర్వేరుగా రాయించడానికి నేను చాలా పట్టుబట్టాను. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద ఇచ్చిన భరణాన్ని భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే మార్చమనో రద్దు చేయమనో భర్త కోర్టును అడగవచ్చు. తన సొంత పొలం డబ్బు తనకు తిరిగి రావడానికి అలాంటి షరతు ఏదీ అంటుకోకూడదు. మొత్తాన్ని భరణం అని రాసి సంతకాలు చేసిన రాజీలు ఎన్నో చూశాను.

భరణం నెలవారీగా కాకుండా ఒకేసారి అడగడానికీ కారణం ఉంది. డబ్బు ద్వారా అదుపు చేసిన మనిషి చేతికి ప్రతి నెలా డబ్బు ఆపే అవకాశం ఇస్తే, విడాకుల తరువాత కూడా ఆ అదుపు కొనసాగుతుంది. బకాయి పడిన ప్రతిసారీ ఆమె అమలు పిటిషన్ వేయాలి, కోర్టుకు రావాలి, అతన్ని చూడాలి. కూతురి పోషణ మాత్రం నెలవారీగానే ఉంచాము. బిడ్డ హక్కును తల్లి బేరంలో వదులుకోజాలదు కనుక, అవసరం పెరిగినప్పుడు పెంచమని అడిగే దారి మూసుకుపోకుండా రాజీ పత్రంలో ప్రత్యేకంగా రాయించాము. అది భర్త జీతం నుంచే నేరుగా కూతురి ఖాతాకు వెళుతుంది.

హిందూ వివాహ చట్టం 13బి కింద పరస్పర అంగీకార విడాకులకు రెండో మోషన్ (ఇద్దరూ కలిసి కోర్టును రెండోసారి కోరడం) ముందు ఆరు నెలల వ్యవధి ఉంది. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసు తరువాత దాన్ని మినహాయించమని అడగవచ్చు. సాధారణంగా అడుగుతాము, ఇక్కడ అడగలేదు. ఆ వ్యవధిని డబ్బు చెల్లింపు గడువుగా వాడుకున్నాము. మొదటి మోషన్ నాడు 12 లక్షల డీడీ, బంగారం బరువు జాబితాతో సహా అప్పగింత; మిగతా 33 లక్షలు రెండో మోషన్‌కు ముందే కోర్టులో జమ. ఈలోగా అత్తగారు ఫ్లాటును కొడుకు పేర తిరిగి రాసిచ్చారు, అతను తమ్ముడిని సహ రుణగ్రహీతగా చేర్చుకుని వేరే బ్యాంకుకు లోను మార్చుకున్నాడు. పాత బ్యాంకు ఆమెను రుణం నుంచి విముక్తురాలిని చేస్తూ ఇచ్చిన పత్రం కోర్టు ముందుకు రాకుండా రెండో మోషన్ మీద సంతకం చేయబోమని షరతు పెట్టాము. ఆమె క్రెడిట్ చరిత్రలో పడిన బకాయి మచ్చను సరిచేయించే ఖర్చు కూడా భర్తదే అని రాయించాము. 498ఏ కేసు అప్పట్లో, 2003లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం, కోర్టు అనుమతితో రాజీ చేసుకోదగినది కనుక, డబ్బు పూర్తిగా జమయ్యాకనే ఆ దరఖాస్తు వేశాము.

ఈ కేసు నేర్పినవి

హింస వల్ల భరణం ఇంత శాతం పెరుగుతుందనే లెక్క మన చట్టంలో లేదు. 25వ సెక్షన్లోని కక్షిదారుల ప్రవర్తన అన్న మాట ద్వారా, గృహహింస చట్టం 22వ సెక్షన్‌లోని నష్టపరిహారం ద్వారా అది కొంతవరకు నేరుగా వస్తుంది. దాని అసలు బలం వేరేచోట ఉంది. ఆస్తి కాగితాలు భర్త పేరునే ఎందుకు ఉన్నాయో, బిల్లులు ఎందుకు లేవో, సంతకాలు ఎందుకు ఉన్నాయో, ఉద్యోగంలో ఖాళీ ఎందుకు వచ్చిందో చెప్పే సాక్ష్యం అది. హింసను అలా చూపించగలిగితే, కాగితాలు లేవన్నది భార్య వాదనలో లోపంగా మిగలదు.

మొదటి సమావేశంలో కక్షిదారును ఏం అడగాలన్న విషయంలో నా పద్ధతి ఈ కేసు తరువాత స్థిరపడింది. ఎప్పుడు కొట్టాడని అడిగిన వెంటనే, ఆ వారంలో ఇంట్లో ఏ కాగితం మీద సంతకం జరిగిందని అడుగుతాను. ఈసీ తీయిస్తాను. ఆమె ఏ అప్పులోనైనా సహ రుణగ్రహీతగా ఉందేమో చూపే క్రెడిట్ రిపోర్టు తీయిస్తాను. ఇంటి నుంచి వచ్చేసిన స్త్రీకి తన పేరున ఎంత అప్పు ఉందో తరచుగా తెలియదు.

ఈ కేసులో తీరని లోటు ఒకటి ఉంది. ఆమెకు పొలం అమ్మిన సొమ్ము, జీతం, బ్యాంకు ఆధారాలు ఉన్నాయి కనుకనే 36 లక్షల పద్దు సాధ్యమైంది. అదే ఇంట్లో, అవే దెబ్బలు తిని, జీతం లేని గృహిణి అయి ఉంటే ఫ్లాటులో ఆమెకు చూపించడానికి ఏమీ ఉండేది కాదు; భరణం, స్త్రీధనం, నష్టపరిహారం దగ్గరే ఆగిపోయేది. భర్త నివాస స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే నిబంధనతో వచ్చిన వివాహ చట్టాల సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదం పొందింది. లోక్‌సభ ఆమోదం పొందకుండానే 2014లో సభ రద్దుతో మురిగిపోయింది. అటువంటి చట్టం వచ్చేవరకు, జీతం లేని భార్య తరఫున వాదించేవారు మద్రాసు తీర్పు వంటి వాటిని ప్రతి కేసులోనూ కోర్టు ముందు పెడుతూ, ఇంటి పనికి విలువ కట్టే సాక్ష్యాన్ని మొదటి పిటిషన్లోనే సిద్ధం చేసుకోవలసి ఉంటుంది. పాప స్కూలు రికార్డులో సంరక్షకురాలిగా ఎవరి సంతకం ఉంది, అత్తమామల ఆసుపత్రి చీటీల మీద తోడుగా వచ్చిన మనిషి ఎవరు అన్న వివరాలు కూడా అందులో భాగమే.